పిల్లల కావలికి దేశాలు కలిశాయి - మన ఇళ్ల మాటేమిటి?



ఆరోగ్య పత్రికలో ఇంటర్నెట్ గురించి ఎందుకు రాస్తున్నారని కొందరు అడగవచ్చు. షుగరు, బి.పి., రక్తహీనత, క్షయ - ఇవి కదా మన విషయాలు అనవచ్చు. కాని పిల్లల ఓ.పి.కి వచ్చే బిడ్డల్లో కొందరికి కడుపునొప్పి ఉంటుంది, స్కానింగ్‌లో ఏమీ కనబడదు. కొందరికి తలనొప్పి ఉంటుంది, కళ్లద్దాలు పెట్టినా తగ్గదు. నిద్ర పట్టదు, బడికి వెళ్లనంటారు, కంచం ముందు కూర్చుని మెతుకులు కెలుకుతారు. ఇలాంటి బాధలకు కారణాలు చాలా ఉంటాయి. ఈ రోజుల్లో వాటిలో ఒకటి, చేతిలోని ఫోను ద్వారా బిడ్డకు ఎవరో చేసిన కీడు. ఒంటికి తగిలిన గాయాన్ని చూసినట్లే దీనిని కూడా ఆరోగ్య సమస్యగా చూడాలన్నది మా అభిప్రాయం.

ఈ వ్యాసంలో మేము చెప్పదలచినవి రెండు మాటలు. ఒకటి: ఈ కీడును ఏ దేశమూ ఒంటరిగా ఆపలేదు, దేశాలు కలిసి చేస్తున్న పని నిజంగా ఉంది, దానివల్ల ఫలితమూ ఉంది. రెండు: ఆ పనంతా మన గడప దగ్గరకు వచ్చి ఆగిపోతోంది. ఎందుకంటే మనం పరువు పేరుతో నోరు మూసుకుంటున్నాం.

జబ్బుకు పాస్‌పోర్టు లేదు

మశూచి పోయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1980లో ప్రకటించింది. మన దేశంలో చివరి సహజ పోలియో కేసు 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లోని హౌరా జిల్లాలో కనబడింది. 2014 మార్చి 27న మన ప్రాంతం పోలియో లేనిదని ధ్రువీకరణ వచ్చింది. ఇదంతా చుక్కల మందు ఒక్కదానివల్లనే జరగలేదు. ఎక్కడ ఏ బిడ్డకు హఠాత్తుగా కాలు చచ్చుబడినా వెంటనే కబురు చేయాలనే నియమం ఒకటుంది. పల్లెలోని ఆరోగ్య కార్యకర్త కబురు చేస్తే, బిడ్డ మలం నమూనా ప్రయోగశాలకు వెళ్లేది, ఫలితం అన్ని దేశాలకూ తెలిసేది. ఆ తల్లి బిడ్డను దాచిపెట్టి ఉంటే జెనీవాలో ఎంత పెద్ద నిపుణుడున్నా ఏమీ చేయలేకపోయేవాడు.

ఇంటర్నెట్‌లో పిల్లలపై జరిగే కీడు కూడా ఇలాగే పాకుతుంది. బిడ్డ ఒక దేశంలో ఉంటుంది. బెదిరించేవాడు ఇంకో దేశంలో ఉంటాడు. ఫోటో దాచి ఉన్న కంప్యూటరు మూడో దేశంలో ఉంటుంది. దానిని చూసేవాళ్లు పది దేశాల్లో ఉంటారు. ఒక్క పోలీసు స్టేషను, ఎంత మంచి ఎస్.ఐ. గారున్నా, ఇన్ని పొలిమేరలు దాటి దొంగను పట్టలేదు.

లాగోస్ నుండి మిషిగన్‌కు

ఒక నిజమైన సంగతి చెబుతాము. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో 2022 మార్చిలో ఒక 17 ఏళ్ల కుర్రవాడితో ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక అమ్మాయి పేరుతో ఎవరో మాట కలిపారు. నమ్మించి అతని నగ్న చిత్రం ఒకటి తెప్పించుకున్నారు. ఆ వెంటనే డబ్బు పంపకపోతే ఇంట్లోవాళ్లకూ స్నేహితులకూ పంపుతామని బెదిరింపు మొదలుపెట్టారు. తన దగ్గరున్నది పంపినా వదలలేదు. కొన్ని గంటల్లోనే ఆ బిడ్డ ప్రాణం తీసుకున్నాడు. కన్నవారికి ఒక్క మాట కూడా తెలియదు.

అవతల ఉన్నది అమ్మాయి కాదు, నైజీరియాలోని లాగోస్‌కు చెందిన ఇద్దరు అన్నదమ్ములు. వేల మైళ్ల దూరంలో ఉన్నాం, మనల్ని ఎవరేం చేస్తారనుకున్నారు. కాని అమెరికా ఎఫ్.బి.ఐ., నైజీరియా అధికారులు కలిసి పనిచేశారు. 2023 ఆగస్టులో వారిని అమెరికాకు అప్పగించారు. వారి బారిన పడినవారు వందమందికి పైగా ఉన్నారని, వారిలో మైనర్లూ ఉన్నారని దర్యాప్తులో తేలింది. 2024 సెప్టెంబరులో ఒక్కొక్కరికి 17 సంవత్సరాల 6 నెలల జైలు శిక్ష పడింది.

ఆ తల్లిదండ్రులకు బిడ్డ తిరిగి రాలేదు. అయినా ఈ కేసు రెండు పాఠాలు నేర్పుతుంది. దేశాలు తలచుకుంటే నేరగాడికి దూరం అడ్డుగోడ కాదు. అలాగే, బిడ్డ ఆ రాత్రి ఇంట్లో చెప్పగలిగి ఉంటే దేశాల అవసరం రాకముందే ప్రాణం దక్కేది.

కబురు ఎలా ప్రయాణిస్తుంది

మనం వాడే వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్, యూట్యూబ్ వంటివాటి యజమాని కంపెనీలు అమెరికాలో ఉన్నాయి. పిల్లలను లైంగికంగా వాడుకునే చిత్రాలు తమ దృష్టికి వస్తే ఆ కంపెనీలు తప్పనిసరిగా కబురు చేయాలని అక్కడి చట్టం చెబుతుంది. తప్పిపోయిన, దోపిడీకి గురైన పిల్లల కోసం అక్కడ 1984లో ఏర్పడిన జాతీయ కేంద్రం 1998 నుండి ఈ ఫిర్యాదులు తీసుకుంటోంది. 2023లో ఒక్క సంవత్సరంలోనే అక్కడికి 3 కోట్ల 60 లక్షలకు పైగా కబుర్లు వచ్చాయి. వాటిలో ఎక్కువ భాగం అమెరికా బయటి దేశాలకు సంబంధించినవే. అందులోనూ మన దేశం పేరు పైవరుసలో ఉంది. ఒకే చిత్రం మళ్లీ మళ్లీ లెక్కలోకి వస్తుంది కనుక ఇన్ని కబుర్లంటే అంతమంది నేరస్థులని అర్థం కాదు. అయినా తేలికగా తీసుకోవలసిన లెక్క కాదు.

2019 ఏప్రిల్‌లో మన జాతీయ నేర గణాంక సంస్థ ఆ కేంద్రంతో ఒప్పందం చేసుకుంది. అప్పటి నుండి మన దేశానికి సంబంధించిన కబుర్లు ఢిల్లీకి, అక్కడి నుండి రాష్ట్రాల పోలీసులకు చేరుతున్నాయి. ఎక్కడో కాలిఫోర్నియాలోని కంప్యూటరు పసిగట్టిన విషయం చివరకు మన జిల్లాలోని ఒక ఇంటి తలుపు తట్టగలదు.

ఇంకొక దారి ఇంటర్‌పోల్. 2009 నుండి ఆ సంస్థ దగ్గర ఒక ప్రత్యేక చిత్రాల భాండాగారం ఉంది. శిక్షణ పొందిన దర్యాప్తు అధికారులు మాత్రమే దానిని చూడగలరు. చిత్రంలోని గోడ, మంచంమీద దుప్పటి, వెనుక వినిపించే మాట - ఇలాంటి ఆనవాళ్లతో ఆ బిడ్డ ఏ దేశంలో ఉందో పోల్చుకుని విడిపించడం వారి పని. 2022లో సి.బి.ఐ. ద్వారా మన దేశం అందులో 68వ దేశంగా చేరింది. అదే సంవత్సరం సెప్టెంబరులో సి.బి.ఐ. 'మేఘ చక్ర' పేరుతో అనేక రాష్ట్రాల్లో ఒకేసారి సోదాలు చేసింది. ఆ సోదాలకు మూలం సింగపూర్‌లోని ఇంటర్‌పోల్ విభాగం నుండి, న్యూజీలాండ్ పోలీసుల నుండి వచ్చిన సమాచారం.

ఒక్కసారి ఆలోచించండి. మన భాష రాని, మన ఊరు ఎక్కడుందో తెలియని ఒక న్యూజీలాండ్ అధికారి, మన దేశంలో జరుగుతున్న నేరాన్ని చూసి ముఖం తిప్పుకోలేదు. యెరికో దారిలో గాయపడి ఉన్నవాడి దగ్గర ఆగినది సొంత జనం కాదు, పరాయివాడైన సమరయుడు. ఈ ఉపమానం మన సంఘాల్లో ఎన్నిసార్లు ప్రసంగించలేదు?

ఇంకా ఏమి కావాలి

ఉన్నది చాలని మేము అనడం లేదు. మన దేశం బాలల హక్కుల ఒడంబడికలో 1992లో చేరింది. పిల్లల అమ్మకాన్ని, లైంగిక దోపిడీని నిషేధించే అదనపు ఒప్పందాన్ని 2005లో ధ్రువీకరించింది. సంతకాలు ఉన్నాయి. కాని ఒక దేశం పోలీసులు ఇంకో దేశం కంపెనీని వివరాలు అడిగితే, కాగితాలు తిరిగి వచ్చేసరికి నెలలు పడితే, ఆధారాలు చెరిగిపోతాయి. ఈ ఆలస్యాన్ని తగ్గించాలనే ఐక్యరాజ్య సమితి 2024 డిసెంబరు 24న సైబర్ నేరాలపై ఒక ఒడంబడికను ఆమోదించింది. 2025 అక్టోబరులో వియత్నాం రాజధాని హనోయ్‌లో సంతకాలు మొదలయ్యాయి. 40 దేశాలు ధ్రువీకరించిన తరువాతే అది అమల్లోకి వస్తుంది. ప్రభుత్వాలు దీనిని అడ్డం పెట్టుకుని తమను విమర్శించేవారిని వేధిస్తాయేమోనని కొందరు భయపడుతున్నారు. ఆ భయం కొట్టిపారేయదగినది కాదు. పిల్లల రక్షణ పేరుతో పెద్దల నోరు నొక్కకూడదు. పెద్దల స్వేచ్ఛ పేరుతో పిల్లలను గాలికి వదలకూడదు.

కంపెనీల బాధ్యత సంగతి కూడా చెప్పాలి. పంపినవారు, అందుకున్నవారు తప్ప మధ్యలో ఎవరూ చదవలేని సందేశాలు ఇప్పుడు మామూలైపోయాయి. రోగి డాక్టరుకు రాసే మాట గోప్యంగా ఉండడం మంచిదే. కాని మధ్యలో కంపెనీకే కనబడని చోట కంపెనీ కబురు చేయలేదు. అందుచేత ముక్కూముఖం తెలియనివారు పిల్లల ఖాతాకు సందేశం పంపే వీలే లేకుండా మొదటి నుండి అమర్చాలని, ఫిర్యాదు చేసే మీట తెలుగు చదివే బిడ్డకు కూడా అర్థమయ్యేలా ఉండాలని అడిగే హక్కు మనకుంది. ఆస్ట్రేలియా 2025 డిసెంబరు 10 నుండి 16 ఏళ్లలోపు పిల్లలకు సోషల్ మీడియా ఖాతాలు ఉండకూడదని నియమం పెట్టింది. మన దేశంలో 2023 నాటి డిజిటల్ సమాచార రక్షణ చట్టం 18 ఏళ్లలోపువారి వివరాలు వాడుకోవాలంటే తల్లిదండ్రుల సమ్మతి ఉండాలంటోంది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ఇవి మంచి అడుగులే. అయితే పెద్దల ఫోనే పిల్లల ఫోను అయిన మన ఇళ్లలో, వయసు అడిగే నియమం ఒక్కటే కాపాడదు.

ఫోనే అమ్మ అయిన ఇళ్లు

గోదావరి జిల్లాల నుండి, కడప నుండి ఎందరో తల్లులు కువైట్‌కూ ఇతర గల్ఫ్ దేశాలకూ ఇంటిపనికి వెళ్లారు. బిడ్డలు అమ్మమ్మ దగ్గర పెరుగుతున్నారు. ఆ బిడ్డకు అమ్మ ముఖం కనబడేది రాత్రి వీడియో కాల్‌లోనే. అలాంటి ఇంట్లో 'ఫోను ఇవ్వకండి' అని ఆస్పత్రివాళ్లం సలహా ఇస్తే ఏం ప్రయోజనం? ఆ ఫోనులోనే అమ్మ ఉంది. అదే ఫోనులోకి దొంగ కూడా రాగలడు. అమ్మమ్మకు చదువు రాదు. కనుక ఆ ఇంటికి కావలసింది భయపెట్టడం కాదు, తోడు. కువైట్‌లో ఉన్న అమ్మ రోజూ 'అన్నం తిన్నావా, చదువుకున్నావా' అని అడిగినట్లే, 'ఈ రోజు ఫోనులో కొత్తవాళ్లెవరైనా పలకరించారా నాన్నా?' అని కూడా అడగాలి. సముద్రం దాటిన సహకారం అక్కడి నుండే మొదలవుతుంది.

ఇంట్లో పాటించదగిన కొన్ని సంగతులు:

మొదటిది, 'ఏదైనా తప్పు చేస్తే ఫోను లాగేసుకుంటాం' అని బెదిరించకండి. ఆ మాట విన్న బిడ్డ, ఆపద వచ్చిన రోజున అందరికంటే ముందు మీ దగ్గరే దాస్తుంది. 'ఏం జరిగినా నాకు చెప్పు, నేను కొట్టను' అని ముందుగానే చెప్పి, ఆ మాట నిలబెట్టుకోండి.

రెండవది, పిల్లల ఫోటోల విషయంలో మనమే జాగ్రత్త తప్పుతున్నాం. పుట్టినరోజు, వి.బి.ఎస్., క్రిస్మస్ నాటకం - అన్నీ బడి పేరుతో, ఊరి పేరుతో సహా పెట్టేస్తున్నాం. మామూలు ఫోటో నుండే కృత్రిమ మేధ సాయంతో నగ్న చిత్రం తయారుచేసే దుర్మార్గం ఇప్పుడుంది. నాలుగు వందలమంది ఉన్న వాట్సాప్ గ్రూపు కుటుంబం కాదు, సంత.

మూడవది, మగపిల్లలకు ఏమీ కాదులే అనుకోకండి. డబ్బు కోసం జరిగే ఈ బెదిరింపుల్లో మగపిల్లలు కూడా పెద్ద సంఖ్యలో చిక్కుకుంటున్నారు.

ఆపద వచ్చాక ఏమి చేయాలి? డబ్బు పంపవద్దు, పంపితే ఇంకా అడుగుతారు. సంభాషణను చెరిపేయవద్దు, ఎదుటివాడి ఖాతా పేరు, నంబరు రాసి పెట్టుకోండి. ఆ చిత్రాన్ని మాత్రం, 'చూడండి ఎలా చేశాడో' అని కూడా, ఎవరికీ పంపవద్దు. పిల్లల సహాయవాణి 1098కు, అత్యవసరమైతే 112కు ఫోను చేయండి. జాతీయ సైబర్ నేర పోర్టల్‌లో ఫిర్యాదు రాయవచ్చు. డబ్బు పోయి ఉంటే 1930కి చెప్పండి. పైన చెప్పిన అమెరికా కేంద్రమే 2023 నుండి 'టేక్ ఇట్ డౌన్' అనే ఉచిత సేవ నడుపుతోంది. 18 ఏళ్లలోపు తీసిన నగ్న చిత్రం ఏ దేశంవారిదైనా, చిత్రాన్ని ఎవరికీ పంపకుండానే, ఫోనులోనే దానికి వేలిముద్ర వంటి ఒక గుర్తు తయారవుతుంది. ఆ గుర్తును బట్టి, అందులో చేరిన కంపెనీలు తమ దగ్గర ఆ చిత్రం కనబడితే తొలగిస్తాయి. పేరు చెప్పనక్కరలేదు. బిడ్డ మనసు కుంగిపోయి ఉంటే ఒంటరిగా వదలకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ టెలీ మానస్ 14416కు ఎప్పుడైనా ఫోను చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. ప్రాణం మీదికి తెచ్చుకునే మాటలు మాట్లాడితే వెంటనే దగ్గరలోని ఆస్పత్రికి తీసుకురండి.

సంఘపెద్దలకు ఒక మనవి

ఈ మాట కొందరికి కష్టంగా ఉంటుందని తెలిసే రాస్తున్నాము. ఇలాంటిది జరిగినప్పుడు మన దగ్గర తరచుగా జరిగేదేమిటి? విషయం పాస్టరు గారి దగ్గరకు, పెద్దల దగ్గరకు వస్తుంది. నలుగురూ కూర్చుంటారు. 'ఆడపిల్ల, రేపు పెళ్లి కావాలి', 'వాడు మన సంఘస్థుడే', 'ప్రార్థన చేసుకుందాం, బయటికి పొక్కనివ్వద్దు' అంటారు. కొంత డబ్బు, ఒక క్షమాపణ, అక్కడితో సరి. తప్పు చేసినవాడు వచ్చే ఆదివారం కూడా గుడికి వస్తాడు. బిడ్డ రావడం మానేస్తుంది.

ఇది క్షమాపణ కాదు, కప్పిపుచ్చడం. చట్టప్రకారం నేరం కూడా. 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షను ప్రకారం, పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసినవారెవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే 21వ సెక్షను కింద శిక్ష ఉంది. ఇందులో డాక్టరుకు మినహాయింపు లేదు, హెడ్మాస్టరుకు లేదు, సంఘకాపరికీ లేదు. మా దగ్గరకు బిడ్డను తెచ్చి 'కేసు లేకుండా చూడండి డాక్టరు గారూ' అని అడిగేవారికి మేము చెప్పగలిగేది కూడా ఇదే. అలాంటి చిత్రాలను చూడడం, దాచుకోవడం కూడా నేరమేనని 2024 సెప్టెంబరు 23న సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. 'పిల్లల అశ్లీల చిత్రాలు' అనే పేరు సరికాదని, అవి ఒక బిడ్డపై జరిగిన అత్యాచారానికి, దోపిడీకి ఆనవాళ్లని కూడా చెప్పింది.

పరువు పోతుందనే భయానికి చట్టంలోనే కొంత జవాబుంది. బిడ్డ పేరు, ఊరు, బడి, ఫోటో పత్రికల్లో వేయకూడదు. వాంగ్మూలాన్ని బిడ్డ ఇంటి దగ్గరే, వీలైనంతవరకు మహిళా అధికారి, యూనిఫారం లేకుండా తీసుకోవాలి. లైంగిక దాడికి గురైన బిడ్డకు ఏ ఆస్పత్రి అయినా, ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా, వెంటనే ఉచితంగా చికిత్స చేయాలి. ఎఫ్.ఐ.ఆర్. కాగితం తెస్తేనే చూస్తామనకూడదు. జిల్లాల్లోని సఖి కేంద్రాలు కూడా తోడుంటాయి. ఈ ఏర్పాట్లన్నీ ప్రతిచోటా సక్రమంగా నడుస్తున్నాయని మేము చెప్పము. కాని అడిగేవారు లేకపోతే అసలే నడవవు.

అందుచేత ప్రతి సంఘమూ మూడు పనులు చేయాలని కోరుతున్నాము. సండే స్కూల్ టీచర్లకు, యౌవనస్థుల నాయకులకు సంవత్సరానికి ఒక్కసారైనా ఈ విషయంపై బోధన పెట్టించండి. స్త్రీల సమాజంలో ఫోను భద్రత గురించి ఒక సాయంత్రం కేటాయించండి. 1098 నంబరును ప్రసంగ వేదిక పక్కన, పిల్లల కంటికి అందే ఎత్తులో రాసి పెట్టండి. ఖర్చు లేని పనులివి.

పిల్లలను ఆటంకపరచడం ఎంత భయంకరమో ప్రభువు చెప్పిన సంగతి మత్తయి సువార్త 18వ అధ్యాయంలో ఉంది. ఆ మాట చెప్పేముందు ఆయన ఒక చిన్నబిడ్డను పిలిచి పెద్దల మధ్యలో నిలబెట్టాడు. మనమైతే పెద్దలను మధ్యలో కూర్చోబెట్టి బిడ్డను బయట నిలబెడుతున్నాం. దేశాలు తమ పొలిమేరలు దాటి చేతులు కలుపుతున్నప్పుడు, మనం మన ఇంటి గడప, మన సంఘం గడప దాటి ఒక ఫోను చేయలేమా?

ప్రభువు మీ పిల్లలను కాచి కాపాడును గాక. వారికి కావలి ఉండే ధైర్యాన్ని మనకందరికీ దయచేయును గాక.